నా కాలి మీద వేసిన నింద

మా ఇంట్లో దేవుడి గది తలుపు వెనక ఒక మేకు ఉంది. కారు తాళంచెవి దానికి వేలాడేది. ఒక శుక్రవారం సాయంత్రం మా ఆయనా, మా మామగారూ కలిసి ఇకమీదట ఆ చెవిని నేను ముట్టుకోకూడదని తేల్చారు. కారు నా జీతంతో కొన్నది, నా పేరు మీద ఉన్నది. తేల్చింది మాత్రం వాళ్లు.

కోపం తగ్గాక రాద్దామని చాలాకాలం ఆగాను. అది తగ్గేలా లేదు గనక ఇప్పుడే రాస్తున్నాను. ఇంకో మాట కూడా ముందే చెప్పేస్తాను. ఎదురుగా ఉంటే మా ఆయన్ని 'మీరు' అంటాను. రాతలో అనను.

నేను పాలిటెక్నిక్‌లో ఎలక్ట్రానిక్స్ ల్యాబ్ చూస్తాను. పిల్లలు తప్పుగా కలిపిన తీగలు విప్పించి, తప్పెక్కడుందో వాళ్ల చేతే వెతికించడం నా పని. మా నాన్న కోస్తా నుంచి ఉద్యోగం మీద ఈ ఊరు వచ్చినవాడు. అత్తవారిది మూడు తరాలుగా పాతబస్తీలో బట్టల వ్యాపారం. దుకాణం చార్మినార్ పక్క గల్లీలో, ఇల్లు మాదన్నపేటలో. ఇంటి కింద ఒక షెడ్డు, దాని మీదే మా పడకగది.

మా కాలేజీ బార్కస్ దాటాక ఉంటుంది. పెళ్లయ్యాక పదకొండేళ్లు రెండు ఆటోలు మారి, ఎవరెవరి మోచేతులో డొక్కలో పొడుస్తుంటే వెళ్లాను. రిటైరవుతున్న ఒక సీనియర్ తన పాత కారు అమ్ముతానంటే కొనేశాను. మొదటిరోజు బార్కస్‌లో నాకు నచ్చిన చోట ఆపి జామకాయలు కొనుక్కున్నాను. అద్దం దించుకుని, ఒక్కదాన్నే కూర్చుని, రెండు కాయలు తిని కాలేజీకి వెళ్లాను. ఆ సుఖం ఏమిటో ఆటోలో తిరిగినవాళ్లకే తెలుస్తుంది.

నాలుగు నెలలు బండి బాగానే నడిచింది. ఆ తర్వాత దుకాణం గోదాములో చోటు చాలక బట్టల బేళ్లు మా షెడ్డులోకి వచ్చాయి. కారు ఓ పక్కకు ఒదిగింది. దాదాపు ఆ రోజుల్లోనే తంటా మొదలైంది.

ఉదయం స్టార్ట్ చేస్తే బాగానే ఉండేది. పది నిమిషాలు నడిచి, ఇంజను వేడెక్కి, మొదటి సిగ్నల్ దగ్గర ఆపగానే ఠక్కున చచ్చిపోయేది. క్లచ్ నొక్కే ఉంటుంది, బ్రేకు నొక్కే ఉంటుంది, అయినా ఆగిపోయేది. వెనక ఆటోల హారన్లు మొదలయ్యేవి. ఒకసారి ఒక ఆటోవాడు పక్కకొచ్చి, తల బయటపెట్టి, "ఏందమ్మా, నిద్రవోయినవా?" అని అడిగి వెళ్లాడు. ఇలా మూడు నాలుగు సిగ్నళ్ల దగ్గర పరువు తీశాక, బార్కస్ చేరేసరికి బుద్ధిగా నడిచేది. సాయంత్రం తిరిగొచ్చేటప్పుడు దాని మీద ఒక్క ఫిర్యాదు ఉండేది కాదు.

నేను ఇల్లు చేరాక, ఎప్పుడైనా సాయంత్రం పూట మా ఆయన అదే బండి తీసేవాడు. ఆదివారాలు పొద్దున నేను దాంట్లో కూరగాయల మార్కెట్‌కు వెళ్లొస్తే, సాయంత్రం ఆయన అందరినీ తిప్పేవాడు. ఆయన చేతిలో ఒక్కసారి కూడా ఆగలేదు. ఇంకో చిన్న సంగతి, ఆ రోజుల నుంచే కారులో గడియారం కూడా తప్పు చూపించేది. పాత బండి కదా, గడియారం పోయిందనుకుని చేతి వాచీ చూసుకునేదాన్ని.

ఆ శుక్రవారం కాలేజీ నుంచి వస్తూ మా గల్లీ చివరి మెకానిక్ దగ్గర బండి ఆపాను. మా ఆయన దుకాణం నుంచి స్కూటర్ మీద వచ్చి కలిశాడు. మెకానిక్ బండి తీసుకుని ఒక చుట్టు తిరిగొచ్చాడు. అతని దగ్గర యంత్రాలేవీ ఉండవు. "నా చెవే కంప్యూటర్" అంటాడు. చేతులు తుడుచుకుంటూ నన్ను దాటి మా ఆయన దగ్గరికి వెళ్లాడు.

"గాడీ మే కుచ్ నై సేఠ్. ఇంజన్ మక్ఖన్ హై," అన్నాడు. బండికేమీ లేదు, ఇంజను వెన్నలా ఉందని. తర్వాత గొంతైనా తగ్గించకుండా తెలుగులోకి దిగాడు. "ఆడోళ్ల కాలు. భాబీ క్లచ్ గబుక్కున ఇడుస్తది. గంతే."

"క్లచ్ నొక్కి ఉన్నప్పుడే ఆగుతోంది భాయ్. నొక్కి ఉన్నప్పుడు ఆగితే నా కాలు తప్పు ఎలా అవుతుంది?" అన్నాను.

అతను నా వైపు చూడలేదు. "మీరు నడిపితే ఎన్నడన్న ఆగిందా సేఠ్?"

"లేదు," అన్నాడు మా ఆయన.

"మరి గదే కదా నేను చెప్పేది."

మెకానిక్ షెడ్డు ముందు బల్ల మీద కూర్చుని నలుగురు మగవాళ్లు చాయ్ తాగుతున్నారు. నలుగురూ నవ్వారు. నవ్వింది వాళ్లే అయితే ఈపాటికి మరిచిపోయేదాన్ని. మా ఆయన కూడా నవ్వాడు.

ఇంటికొచ్చాక మళ్లీ చెప్పబోయాను. "ఆడలేక మద్దెల ఓడన్నట్టున్నది నీ ముచ్చట," అన్నాడాయన. మామగారు మంచం మీద నుంచే, "నేను ముందుగాల్నే చెప్పిన బిడ్డా, నీకు బండెందుకని. ఏమన్న అయితే ఎవలికి లొల్లి?" అన్నాడు. కారు అమ్మేస్తారట, మెకానిక్‌కు తెలిసిన ఒక పార్టీ ఉందట. వచ్చే ఆదివారం కాదు, ఆ పై ఆదివారం పొద్దున బండి చూడ్డానికి వస్తాడట. అప్పటిదాకా తాళంచెవి మేకుకే ఉంటుంది. నన్నెవరూ అడగలేదు. వంటింట్లోంచి విన్నాను.

అరికాలి మంట నెత్తికెక్కడం అంటారే, అది అక్షరాలా నిజమని ఆ రోజు తెలిసింది. సిగ్గుచేటైన మాట ఇంకోటి ఉంది, అదీ చెప్పేస్తాను. మర్నాడు స్నానం చేస్తూ నా ఎడమ కాలిని చూసుకున్నాను. వేళ్లు వంచి చూశాను, మడమ నొక్కి చూశాను. ఇరవై ఏళ్లుగా పిల్లలకు తప్పు వెతకడం నేర్పుతున్నదాన్ని, నలుగురు నవ్వేసరికి నా కాలినే అనుమానించాను. ఆ క్షణం గుర్తొస్తే మెకానిక్ మీద కన్నా నా మీదే ఎక్కువ ఒళ్లు మండుతుంది.

పగ పట్టాను. ఇంకో మాట వాడను, అది పగే. తప్పు బండిదని ఆ మెకానిక్ నోటితోనే, ఆ నలుగురి ముందే, మా ఆయన వింటుండగా అనిపించాలి. అందుకు నాకు తొమ్మిది రోజులున్నాయి.

ఆ కాలపు కార్లలో ఇంజనును నడిపే చిన్న కంప్యూటర్ ఒకటి ఉంటుంది. బండికి ఏం జబ్బు చేసినా అది రాసిపెట్టుకుంటుంది. అది రాసుకున్నది చదవడానికి స్టీరింగ్ కింద పదహారు రంధ్రాల సాకెట్ ఒకటి ఉంటుంది. పెద్ద వర్క్‌షాపుల్లో దానికి పెట్టే యంత్రం ఉంటుంది. నాకు యంత్రం లేదు కానీ కాలేజీ వాళ్లు పక్కన పడేసిన పాత ల్యాప్‌టాప్ ఉంది, దాని వెనక తొమ్మిది పిన్నుల సీరియల్ పోర్టు ఉంది. ఎవరో పుణ్యాత్ముడు ఇంటర్నెట్‌లో ఉచితంగా పెట్టిన సాఫ్ట్‌వేర్ దొరికింది. ఇక రెంటినీ కలిపే కేబుల్ ఒక్కటే కావాలి.

కారు పన్నెండు వోల్టుల్లో మాట్లాడుతుంది, ఒకే తీగ మీద అంటుంది, అదే తీగ మీద వింటుంది. ల్యాప్‌టాప్‌కు అనడానికి ఒక తీగ, వినడానికి ఇంకో తీగ. దాని వోల్టులూ వేరు. ఒకరి మాట ఒకరికి చేర్చడానికి మధ్యలో రెండు ట్రాన్సిస్టర్లు, అరడజను రెసిస్టర్లు చాలు. శనివారం కోఠి గుజరాతీ గల్లీకి వెళ్లి అన్నీ తెచ్చాను. కారు వైపు పెట్టాల్సిన పదహారు పిన్నుల ప్లగ్ మాత్రం ఆ గల్లీలో ఒక్క దుకాణంలోనూ లేదు. అయినా అన్ని పిన్నులూ నాకు అక్కర్లేదు. బ్యాటరీకి ఒకటి, ఎర్తుకు రెండు, మాటకు ఒకటి, మొత్తం నాలుగు చాలు. సన్నటి ఇత్తడి పిన్నులు కొన్నాను. వాటిని సరైన ఎడంలో కదలకుండా పట్టి ఉంచేదే దొరకలేదు.

మా పక్కింట్లో లక్క గాజులు చేసే ఆపా ఉంది, ఆపా అంటే అక్క. ఆదివారం మధ్యాహ్నం పిన్నులు గుచ్చిన అట్టముక్క పట్టుకుని ఆమె కుంపటి ముందు కూర్చున్నాను. ఆపా నల్లలక్క ముద్దను వేడి చేసి, పిన్నుల చుట్టూ ఒత్తి, గాజును ఒత్తినట్టే చెక్కపట్టీతో నున్నగా ఒత్తింది. చల్లారాక చూస్తే రాయిలా గట్టిపడింది. చేతిలో తిప్పి చూస్తూ, "యే కిస్‌కా గలా పకడ్‌నే కు బనాయీ మా?" అని అడిగింది. ఎవరి గొంతు పట్టుకోవడానికి చేశావని. మెకానిక్ పేరు చెప్పాను. "అచ్ఛా," అని, ఇంకాస్త లక్క పెట్టి గట్టిగా ఒత్తింది.

సోమవారం నాలుగింటికి కాలేజీ నుంచి వచ్చాను. మగవాళ్లిద్దరూ దుకాణంలో ఉన్నారు. మేకు మీంచి చెవి తీసుకున్నాను. చెవి ముట్టుకోవద్దన్నది బండి కదపకుండా ఉండటానికే, దాంట్లో కూర్చోవద్దని ఎవరూ అనలేదు. షెడ్డు తలుపు బార్లా తెరిచి, బేళ్ల పక్కనుంచి దూరి, కారులో కూర్చుని కేబుల్ పెట్టాను. ల్యాప్‌టాప్ పిలిచింది, కారు పలకలేదు. పదిసార్లు పిలిపించాను. పదిసార్లూ అదే మౌనం.

కేబుల్ విప్పి మేడ మీదికి తెచ్చి, మీటర్ పెట్టి ఒక్కో టంకం చుక్కనూ పరీక్షించాను. తప్పు నాదే. కారు నుంచి వచ్చే వైపు ట్రాన్సిస్టర్ అక్కర్లేదని తీగను నేరుగా కలిపేశాను. దాంతో కారు ఒకటి అంటే ల్యాప్‌టాప్‌కు సున్నా అందుతోంది. ఈ తప్పు చేసిన పిల్లలకు నేను మార్కులు తీసేస్తాను. సిగ్గుపడి, ట్రాన్సిస్టర్ ఎక్కడ ఉండాలో అక్కడ పెట్టి, మళ్లీ టంకం వేశాను.

మంగళవారం ఇంజను స్టార్ట్ చేసి పిలిపిస్తే పలికింది. పిలిచాక ఐదు సెకన్లు ఏమీ లేదు. ఆ తర్వాత తెర మీద అంకెలు కదలడం మొదలుపెట్టాయి, ఇంజను వేడి, గాలి, పెట్రోలు, నిమిషానికి ఎన్ని చుట్లు అన్నీ. తర్వాత, ఇక దొరికావురా అనుకుని, బండి రాసుకున్న జబ్బుల పట్టీ తెరిచాను.

పట్టీ ఖాళీగా ఉంది. ఒక్క జబ్బు కూడా లేదు. గాడీ మే కుచ్ నై సేఠ్. అతనన్నదే బండి కూడా అంటోంది. రెండు రోజులు చేతులు కాల్చుకుని నేను చేసుకున్న కేబుల్ మెకానిక్ వైపు సాక్ష్యం చెప్పింది.

ఏడవలేదు. మొండితనం కొద్దీ ఇంజనును అలాగే నడవనిచ్చి అంకెల వైపు చూస్తూ కూర్చున్నాను. పది నిమిషాలకు వేడెక్కింది. చుట్లు తగ్గుతూ తగ్గుతూ వచ్చి, ఠక్కున ఆగిపోయింది. అప్పుడు నా రెండు కాళ్లూ సీటు మీద మఠం వేసుకుని ఉన్నాయి. ఏ పెడల్ మీదా ఏ కాలూ లేదు. బేళ్ల మధ్య ఒక్కదాన్నే కూర్చుని పెద్దగా నవ్వాను. నా మటుకు నాకు అది చాలు. కానీ చూసినవాళ్లేరి?

మళ్లీ స్టార్ట్ చేశాను. మళ్లీ ఆగింది. మూడోసారి తట్టుకుంది, ఆ తర్వాత ఆగలేదు. ఇరవై నిమిషాల్లో ఏం మారిందా అని అంకెలన్నీ వెతికితే ఒకటి దొరికింది. పాతబడిన ఇంజనుకు గాలీ పెట్రోలూ ఎంత ఎక్కువ ఇస్తే ఆగకుండా ఉంటుందో కంప్యూటర్ కొద్దికొద్దిగా నేర్చుకుని గుర్తుపెట్టుకుంటుంది. ఆ గుర్తు తాలూకు అంకె, నేను కూర్చున్నప్పుడు సున్నా, లేచేటప్పటికి పధ్నాలుగు.

బుధవారం మళ్లీ చూశాను, సున్నా. ఇరవై నిమిషాలు కూర్చుని నేర్పించి లేచాను. గురువారం మళ్లీ సున్నా. నిన్న నేర్చుకున్నది దానికి ఈ రోజు గుర్తులేదు. మొదటి తరగతి పిల్లాడైనా ఇంతలా మరిచిపోడు. తల ఎత్తితే గడియారం కనబడింది. బుధవారం నేనే సరిచేసిన గడియారం మళ్లీ తప్పు చూపిస్తోంది. గడియారమూ, ఆ గుర్తూ, జబ్బుల పట్టీ, మూడూ బ్యాటరీ మీదే బతుకుతాయి. మూడూ ఒకేసారి చెరిగిపోతున్నాయంటే రోజూ ఎవరో బ్యాటరీ తీగ తీసేస్తున్నారు.

మా మామగారికి ఒక అలవాటు ఉంది. ముప్పై ఏళ్లుగా దుకాణం షట్టర్ దించే ముందు ఫ్యూజులన్నీ పీకి, గుడ్డసంచిలో వేసుకుని ఇంటికి తెస్తాడు. మా ఆయనకు పదహారేళ్లప్పుడు కరెంటు తీగల నిప్పు అంటుకుని దుకాణం కాలిపోయిందట. "దుకాణం మూసినంక కరెంటు తీసెయ్యాలె" అన్నది ఆ ఇంట్లో రోజూ వినబడే మాట. నా పెళ్లైన నాటి నుంచీ వింటున్నాను.

శుక్రవారం ఉదయం ఏడింటికి, డబ్బా సర్దడం మానేసి, మెట్ల మీద ఆగి కిందికి చూశాను. మా ఆయన బానెట్ ఎత్తి ఉన్నాడు. రోజూ నీళ్లూ ఆయిలూ చూస్తున్నాడనుకునేదాన్ని. జేబులోంచి చిన్న పానా తీసి, బ్యాటరీ తీగ తగిలించి, బిగించి, బానెట్ మూసి, అగరుబత్తి తిప్పాడు. పాతికేళ్లు చేసిన పనిలా చేశాడు. సాయంత్రం దుకాణం నుంచి రాగానే, మేడ ఎక్కేముందు మళ్లీ తీసేశాడు. బేళ్లు వచ్చిన రోజు నుంచీ అదే వరస.

ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు. నాకు నాలుగు తీగలతో దొరికాడు.

ఆ పూటే చెప్పవచ్చు. చెబితే ఏమయ్యేదో కూడా నాకు తెలుసు. "అట్లనా" అని, తీగ తీయడం మానేసి, కారు అమ్మకం ఆపి, చెవి మేకుకే ఉంచేవాడు. గల్లీలో నా కాలి మాట నా కాలి మీదే ఉండిపోయేది. నేను పడ్డది ఆయన పడాలి. అదే సిగ్నల్ దగ్గర, అదే మెకానిక్ ముందు పడాలి. నోరు మూసుకుని శనివారం దాటించాను.

ఆదివారం పొద్దున మెకానిక్ ఒక తెల్లగడ్డం పెద్దాయన్ని వెంటబెట్టుకొచ్చాడు. "మీరే నడిపి చూపించండి. మీ చేతిలో బాగుంటుంది కదా," అన్నాను మా ఆయనతో. సంతోషంగా ఎక్కాడు. పక్కన మెకానిక్, వెనక పెద్దాయనా నేనూ.

మొదటి సిగ్నల్ దగ్గర ఆగింది. మా ఆయన తాళంచెవి తిప్పాడు. పచ్చదీపం పడి, కదిలి, రెండో సిగ్నల్ దగ్గర మళ్లీ ఆగింది. వెనక హారన్లు. ఒక ఆటోవాడు పక్కకొచ్చి, "ఏంది సేఠ్, నిద్రవోయినవా?" అన్నాడు. అది వేరే ఆటోవాడే అయినా నాకు వాడి మీద ప్రేమ పుట్టింది.

"మెకానిక్ భాయ్," అన్నాను వెనక సీట్లోంచి, "మగవాళ్ల కాలు కూడా క్లచ్ గబుక్కున వదులుతుందా?"

మెకానిక్ అద్దంలోంచి నన్ను చూసి చూపు తిప్పుకున్నాడు. "సేఠ్, జర ఆహిస్తా ఛోడో," అన్నాడు, కొంచెం మెల్లగా వదలమని.

"నేను ఇడుస్తనే లేను భాయ్. నొక్కే ఉన్నది. నొక్కి ఉన్నప్పుడే ఆగుతున్నది," అన్నాడు మా ఆయన. మెడ మీద చెమట పట్టింది. నా మాటలే, అక్షరం పొల్లుపోకుండా.

"ఆడలేక మద్దెల ఓడు," అన్నాను.

మూడోసారి ఆగేసరికి పెద్దాయన తలుపు తీశాడు. "నక్కో భాయ్, యే గాడీ నక్కో," ఈ బండి వద్దంటూ దిగి, అటుగా పోతున్న ఆటో ఎక్కి వెళ్లిపోయాడు. ఇంకో పది నిమిషాలు తిప్పనిచ్చి, అప్పుడు నేను దిగి ముందు తలుపు తీశాను. "జరగండి. ఇంటికి నేను తీసుకెళ్తాను."

తిరుగుదారిలో ప్రతి సిగ్నల్ దగ్గరా ఆపాను. ఒక్కచోటా ఇంజను ఆగలేదు. అది నా గొప్పతనం కాదు, అప్పటికి బండి ఆ రోజు పాఠం నేర్చేసుకుంది. ఆ సంగతి నాకు తెలుసు, వాళ్లకు తెలియదు. పొద్దున నేను నేర్పిన బండినే సాయంత్రం నడిపి ఇన్నాళ్లూ ఆయన గెలిచిన ఆటే అది. ఈసారి నేను గెలిచాను, అంతే అన్యాయంగా.

మెకానిక్ షెడ్డు ముందు దింపితే, చాయ్ తాగేవాళ్లు ఏమైందని అడిగారు. "గాడీ భాబీ కే హాథ్ మే ఠీక్ హై," అన్నాడతను, మా ఆయన భుజం మీద చెయ్యేసి. బండి నా చేతిలో బాగానే ఉందట. "మీ కాలు బరువున్నది సేఠ్." నలుగురూ నవ్వారు. నేను కూడా నవ్వాను.

తాళంచెవి నా బ్యాగులోకి వచ్చింది. అప్పుడైనా చెప్పాల్సింది. చెప్పలేదు. వారం రోజులు ఊరుకున్నాను. ఆయన స్నానానికి వెళ్లిన వేళ కిందికి దిగి, షెడ్డులోనే ఇరవై నిమిషాలు ఇంజను నడిపి, బయలుదేరేదాన్ని. మాట గల్లీ నుంచి దుకాణానికి పాకింది. గిరాకీ లేనప్పుడల్లా పక్క దుకాణాల వాళ్లు, "కాలెట్లున్నది సేఠ్?" అని పలకరించేవారట. రోజూ సాయంత్రం ఆయన ముఖం చూసి అన్నం రెండు ముద్దలు ఎక్కువే తిన్నాను.

ఆ పై ఆదివారం మధ్యాహ్నం ఆయన మెట్ల మీద కూర్చుని ఉన్నాడు. ప్యాంటు మడిచి, ఎడమ మడమను రెండు చేతులతో నొక్కుకుంటున్నాడు. నన్ను చూసి దాచుకోలేదు.

"చిన్నప్పుడు దీని మీద బేలు వడ్డది. నరం గిట్ల పోయిందంటవా? డాక్టర్‌కు చూపించుకోవాల్నా?" అని అడిగాడు.

ఆ ప్రశ్న కోసమే ఎదురుచూశానని అనుకున్నాను. తీరా వచ్చాక నవ్వు రాలేదు. స్నానాలగదిలో నా మడమ గుర్తొచ్చింది. ల్యాప్‌టాప్, కేబుల్ తీసుకొచ్చి, ఆయన్ని కారులో కూర్చోబెట్టి, కాళ్లు పైకి మడుచుకోమన్నాను. ఆ పొద్దున బండి బయటికి తీయలేదు. వేడెక్కింది, చుట్లు తగ్గాయి, ఎవరి కాలూ లేకుండా ఆగిపోయింది. సున్నా అంటే ఏమిటో, గడియారం ఎందుకు తప్పో, తెర చూపిస్తూ చెప్పాను. తీగ మాట నేను అనలేదు.

తెర మీది సున్నా మీద వేలు పెట్టాడు. "తీగ నేనే తీస్తున్న," అన్నాడు.

"తెలుసు."

"ఎప్పటిసంది?"

"బండి చూడ్డానికి వచ్చిన ఆదివారానికి రెండు రోజుల ముందు నుంచి."

"తెలిసే నన్ను నడపమన్నవా?"

"అవును."

కోప్పడతాడనుకున్నాను. పక్కనున్న బేలు మీద చెయ్యి ఆనించాడు. "బట్టంతా కింద. నువ్వూ బాపూ పైన పండుకుంటరు. తీగ తియ్యకుంటే నా పాణం ఊకోదు," అన్నాడు.

ఆ మాటకు నా గుండె కరగలేదని చెబితే అబద్ధం. పగ తీరిపోయిందని చెప్పినా అబద్ధమే. "ఆ మెకానిక్ నా కాలు అన్నప్పుడు, బండి చూపించడానికి వెళ్లిన రోజు, తీగ సంగతి ఎందుకు చెప్పలేదు?" అని అడిగాను.

"యాదికి రాలే. సచ్చీ చెప్తున్న. దినాం చేసే పని, యాదికెట్లొస్తది?"

"నా కాలు యాదికొచ్చింది," అన్నాను. "మీ చెయ్యి యాదికి రాలేదు."

ఆయన మడిచిన ప్యాంటు దించుకున్నాడు.

ఒకటే అడిగాను. ఆ నలుగురూ ఉన్న వేళ మెకానిక్ షెడ్డుకు వెళ్లి చెప్పమన్నాను. మర్నాడు వెళ్లాడు. నేను పక్కనే కారు ఆపి, అద్దం దించి కూర్చున్నాను. "ఆమె కాలు కాదు భాయ్. నా కాలూ కాదు. రోజూ బ్యాటరీ తీగ నేనే తీసిన. తప్పు నా చెయ్యిది," అన్నాడు. ఎవరూ నవ్వలేదు. మెకానిక్ నా దగ్గరికొచ్చి, మొదటిసారి నా ముఖం చూసి మాట్లాడాడు. తనకూ అలాంటి కేబుల్ ఒకటి చేసిపెట్టమన్నాడు. మీ చెవే కంప్యూటర్ కదా భాయ్, అని అద్దం ఎత్తేశాను.

ఆ నెలలోనే బేళ్లు వేరే గోదాముకు వెళ్లాయి. తీగ తీయడం ఆగింది, గడియారం సరిగ్గా నడుస్తోంది. మామగారు మాత్రం సాయంత్రం దీపం పెట్టేముందు కిందికి దిగి, బానెట్ మీద అరచెయ్యి పెట్టి చూసి వస్తాడు. చూసుకోనీ.

తాళంచెవి నా బ్యాగులో ఉంటుంది. దేవుడి గది మేకుకు ఇప్పుడు కేబుల్ వేలాడుతోంది. లక్క అంచున కొంచెం పగిలింది, దానితో నాకు పని లేదు, అయినా తీయనివ్వను. ఇంటికొచ్చినవాళ్లు అదేమిటని అడుగుతారు. నేను చెప్పను, మా ఆయన వైపు చూస్తాను. ఆయనే చెబుతాడు.